వెంట ఎవరొచ్చారు?

“వెంట ఎవరొచ్చారు?”

2010 ఎండాకాలం. రిపోర్టులన్నీ ఒకటికి రెండుసార్లు తిరగేసి, తలెత్తి, డాక్టరుగారు మా చిన్నమ్మను అడిగిన మొదటి ప్రశ్న అది.

“నేనే వచ్చిన గద సారూ” అంది చిన్నమ్మ.

“అది కాదమ్మా. మగవాళ్లెవరొచ్చారని.”

ఆమె పక్కనే నేనున్నాను. ఎం.ఏ. చదివినదాన్ని, కథలు రాసేదాన్ని, స్త్రీల సభల్లో మైకు పట్టుకుని మాట్లాడేదాన్ని. లేచి బయటికి వెళ్లి, వరండాలో మంచినీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డ తమ్ముణ్ణి పిలుచుకొచ్చింది నేనే. చిన్నమ్మను తీసుకెళ్లి బయట బల్లమీద కూర్చోబెట్టింది కూడా నేనే. లోపల పది నిమిషాల్లో అంతా తేలిపోయింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. బాగా ముదిరింది. రేడియేషన్ ఇచ్చి చూద్దాం, నయమవుతుందని మాత్రం చెప్పలేం అన్నారు. “ఆమెకు చెప్పకండి, కుంగిపోతుంది” అని కూడా అన్నారు. ఇద్దరం తలూపాం.

తిరుగు బస్సులో తార్నాక దాటేదాకా చిన్నమ్మ మాట్లాడలేదు. హబ్సిగూడ దగ్గర అడిగింది, “ఏమన్నడు సారు?” అని. “కడుపుల పుండయిందట. కరెంటు పెడ్తరట. తగ్గుతదట” అన్నాడు తమ్ముడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

“గేటు మీద అంత పెద్ద అక్షరాలతోని రాసిండ్రు గద కొడుకా, క్యాన్సరని. నాకు చదువొస్తది.”

తొంభైల్లో అక్షరాస్యత ఉద్యమం నడిచిన రోజుల్లో, కంపెనీ నుంచి వచ్చాక రాత్రిపూట కూడబలుక్కుంటూ నేర్చుకున్న చదువు అది. అది ఆ రోజు అలా పనికొచ్చింది.

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి. జబ్బు ఆమెది. నొప్పి ఆమెది. మిగిలిన రోజులు ఆమెవి. ఆ రోజుల్ని ఎట్లా గడపాలన్న మాట మాత్రం ఆమెను బయట బల్లమీద కూర్చోబెట్టి, ఇంకెవరితోనో ఎందుకు జరుగుతుంది? ఈ అలవాటుకొక చరిత్ర ఉంది. దాన్ని మార్చటానికి జరిగిన ప్రయత్నాలకూ ఒక చరిత్ర ఉంది. రెండింట్లోనూ మన హైదరాబాదు ఉంది, మన ఆడవాళ్లున్నారు.

*

చిన్నమ్మ ఆలేరు పక్క ఊరినుంచి నాచారం వచ్చింది 1988లో, మొగుడు పోయిన ఏడాదికి, చంకలో పిల్లవాడితో. వరంగల్ రోడ్డు మీద వచ్చే బస్సులకు నగరం ఉప్పల్ దగ్గరే మొదలవుతుంది. భువనగిరి, ఆలేరు, జనగామల నుంచి పనికోసం వచ్చేవాళ్లకీ, జబ్బుతో వచ్చేవాళ్లకీ అదే ద్వారం. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో మందులు, బట్టలు, ప్లాస్టిక్, తినుబండారాలు చేసే కంపెనీలున్నాయి. నాచారం అనగానే చాలామందికి ఎన్టీఆర్ స్టూడియో గుర్తొస్తుంది. చిన్నమ్మకు మాత్రం నాచారమంటే మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షను, రేకుల గది, నీళ్ల ట్యాంకరు, నెలకోసారి చీటీ పాట. ఇరవై రెండేళ్లు మాత్రల పట్టీలు అట్టపెట్టెల్లో సర్దింది. ఆ ఇరవై రెండేళ్లూ ఆమె పేరు కంపెనీ పుస్తకంలో లేదు. కాంట్రాక్టరు నోటుబుక్కులో ఉంది.

పుస్తకంలో పేరుంటే ఏమయ్యేది? 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం కింద కార్మికులకు వైద్యంతోపాటు జబ్బు కాలానికి కొంత వేతనం కూడా వచ్చేది. నాచారంలోనే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. మామూలు జబ్బుకైతే ఏడాదికి 91 రోజులు, వేతనంలో 70 శాతం. క్యాన్సర్, క్షయ వంటి దీర్ఘవ్యాధులకైతే, తగినంత కాలం చందా కట్టినవాళ్లకు, 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా. కార్మికవర్గం పోరాడి సాధించుకున్న హక్కు ఇది, చిన్నది కాదు. కానీ ఈ లెక్క ఎవరిని చూస్తుందో గమనించండి. చందా కట్టిన మనిషి శరీరాన్నీ, ఆ మనిషి పోగొట్టుకున్న పనిదినాల్నీ చూస్తుంది. ఆ మనిషి పక్కన కూర్చోవడానికి ఇంకొకరు పోగొట్టుకునే పనిదినాలు ఆ లెక్కలోకి రావు. మా మరదలు, అంటే చిన్నమ్మ కోడలు, ఉప్పల్‌లో ఒక బట్టల యూనిట్‌లో కుట్టుపని చేసేది. అత్తకు రేడియేషన్ మొదలైన రెండోవారంలో ఆమె పని పోయింది. ఆమె మానేసిందనే మేమంతా చెప్పుకున్నాం. మానెయ్యమని ఎవరూ అనలేదు. మానొద్దని కూడా ఎవరూ అనలేదు. రోగి సేవ కోడలి పని, కూతురి పని, భార్య పని అని అనుకోవటం ఎంత సహజమైపోయిందంటే, అదొక నిర్ణయం అన్న సంగతి కూడా మాకు తట్టలేదు.

*

ఈ పనిదినాల సంగతి వైద్యచరిత్రలో ఒకచోట అనుకోకుండా నమోదై ఉంది. పాలియేటివ్ కేర్ అని ఇవాళ పిలుస్తున్న ఉపశమన వైద్యానికి ఆధునిక రూపమిచ్చిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు. నడుం నొప్పివల్ల ఆ పని చేయలేక ఆసుపత్రిలో సామాజిక కార్యకర్త అయింది. చావుకు దగ్గరైనవాళ్ల బాధను పట్టించుకొమ్మని డాక్టర్లకు చెప్పాలంటే తానూ డాక్టరు కావాలని తెలుసుకుని, ముప్పై దాటాక వైద్యవిద్యలో చేరి 1957లో డాక్టరైంది. పదేళ్లకు, 1967లో, లండన్‌లో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్ ప్రారంభించింది. నర్సు చేతులు, సామాజిక కార్యకర్త చెవులు, డాక్టరు కలం ఒకే మనిషిలో ఉండటం వల్లనేమో, మిగతావాళ్లకు వినపడనిది ఆమెకు వినపడింది.

1964లో ఆమె రాసిన ఒక రోగి సంగతి ఈ రంగంలో అందరికీ తెలుసు. నీ నొప్పి గురించి చెప్పమని అడిగితే ఆ స్త్రీ నడుంతో మొదలుపెట్టి, ఇప్పుడు తన ఒళ్లంతా పాడైనట్టుందని చెప్పింది. అక్కడితో ఆగలేదు. భర్త, కొడుకు బాగా చూసుకుంటున్నారు కానీ పనులు మానుకుని కూర్చుంటే వాళ్ల కూలి పోతుందని కూడా చెప్పింది. ఆమెను అడిగింది నొప్పి గురించి. ఆమె చెప్పిన జవాబులో కూలి డబ్బులున్నాయి. సాండర్స్ దాన్ని అసందర్భమని కొట్టెయ్యలేదు. శరీరపు నొప్పి, మనసు కుంగుబాటు, ఇంటి ఆర్థిక చింత, బతుక్కి అర్థమేమిటన్న వేదన, ఈ నాలుగూ కలిస్తేనే నొప్పి అని, దాన్ని సంపూర్ణ వేదన అని పేరుపెట్టి చెప్పింది. అంటే మనసు సంగతులూ సంసారం సంగతులూ వైద్యం చివర్లో తీరిక ఉంటే మాట్లాడే విషయాలు కావు. అవి నొప్పిలోనే ఉన్నాయి. ఆ లండన్ స్త్రీకీ నాచారం చిన్నమ్మకీ మధ్య ఎంత దూరముందో నాకు తెలీదు కానీ, కూలి పోతుందన్న భయం మాత్రం ఒక్కటే.

మనదేశంలో ఈ వైద్యం ఆలస్యంగా వచ్చింది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం మార్ఫిన్ కొనటం, నిల్వచేయటం ఎంత కష్టం చేసిందంటే, ఆసుపత్రులు దాని జోలికి పోవటమే మానేశాయి. ప్రపంచానికి నల్లమందు పండించి అమ్మే దేశంలో క్యాన్సర్ రోగులు మార్ఫిన్ లేక అరుస్తూ పోయారు. ఆ చట్టానికి సవరణ రావటానికి 2014 దాకా పట్టింది. ఈలోగా 1986లో ముంబైలో శాంతి అవేదనా సదన్, 1993లో కాలికట్‌లో డాక్టర్ రాజగోపాల్, ఆయన సహచరుల పాలియేటివ్ సొసైటీ మొదలయ్యాయి. కేరళలో ఇది చూస్తుండగానే ఊరూరికీ పాకి, ఇరుగుపొరుగువాళ్లే రోగుల ఇళ్లకు వెళ్లే ఉద్యమమైంది.

హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి ఉంది. అక్కడ ఉపశమన వైద్య విభాగం ఏర్పడింది మాత్రం 2006 ప్రాంతంలో, డాక్టర్ గాయత్రి పాలట్ చొరవతో. ఆమె కేరళలో శిక్షణ పొందిన వైద్యురాలు. భారతదేశంలో భరించలేని నొప్పిని గురించి హ్యూమన్ రైట్స్ వాచ్ 2009లో ప్రచురించిన నివేదికలో హైదరాబాదు రోగుల కథనాలు కూడా ఉన్నాయి. నొప్పి మనుషుల్ని చచ్చిపోవాలనుకునేదాకా ఎలా నెడుతుందో, మార్ఫిన్ అందాక మళ్లీ ఎలా మాట్లాడగలిగారో వాళ్లు చెప్పారు. నొప్పి తగ్గితే గానీ మాట్లాడలేరు. కాబట్టి ఈ వైద్యంలో మందూ మాటా వేర్వేరు కాదు.

*

ఇదే క్యాన్సరు, ఇదే కాలం, ఇదే రాష్ట్రం. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్.పి.వి. టీకా ప్రాజెక్టు మొదలైంది. పది నుంచి పద్నాలుగేళ్ల వేలమంది ఆడపిల్లలకు, అందులో ఎంతోమంది భద్రాచలం వైపు గిరిజన హాస్టళ్ల పిల్లలకు, టీకా వేశారు. స్త్రీల సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు వెళ్లి చూస్తే, అనుమతి పత్రాల మీద చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేసి ఉన్నారు. తల్లిదండ్రులకు తెలియదు, పిల్లలకు అర్థం కాలేదు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. 2013లో పార్లమెంటరీ కమిటీ ఈ అనుమతుల తీరును గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, దాని మేలును నేను కాదనటం లేదు. నాకు గుర్తుండిపోయింది ఆ సంతకాలు. ఆ సభల్లో నేనూ ఆవేశంగా మాట్లాడాను. ఆ పిల్లల ఒంటి గురించి వార్డెన్ సంతకం చెయ్యటమేమిటని అడిగాను. సరిగ్గా ఆ నెలల్లోనే చిన్నమ్మ రేడియేషన్ కాగితం మీద తమ్ముడి చేత సంతకం పెట్టించాను. పేరు రాసుకోవటం వచ్చిన చిన్నమ్మ పక్కనే ఉంది.

మన తెలుగు స్త్రీవాద ఉద్యమానికి ఆరోగ్యం గురించి మంచి వారసత్వం ఉంది. 1991లో వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ మా తరానికి మన శరీరం గురించి సిగ్గుపడకుండా మాట్లాడే భాషనిచ్చింది. ముట్టు, కాన్పు, తెల్లబట్ట, గర్భసంచి తీయించటం గురించి డాక్టర్ని ఎదురుప్రశ్న వెయ్యటం నేర్చుకున్నాం. కానీ నామట్టుకు నేను ఆ నేర్చుకున్నదాన్ని చావు గడప దాకా తీసుకెళ్లలేదు. బతకటానికి సంబంధించిన హక్కులన్నీ ఆడదానివని వాదించినదాన్ని, చనిపోయేటప్పుడు మాత్రం ఆమెను కుటుంబం చేతుల్లో పెట్టి పక్కకు తప్పుకున్నాను.

*

ఇలాంటి సమయంలో ఎవరి మాట చెల్లుతుందన్న ప్రశ్న కోర్టులకూ వెళ్లింది. మొదటి కేసుల్లో ఒకటి మన హైదరాబాదుదే. 2004 డిసెంబరులో వెంకటేశ్ అనే ఇరవై అయిదేళ్ల చదరంగం ఆటగాడు కండరాల క్షీణవ్యాధి చివరి దశలో ఆసుపత్రిలో ఉన్నాడు. తన అవయవాలు పాడైపోకముందే ఇంకొకరికి పనికిరావాలని అతని కోరిక. ఆ కోరికను తల్లి సుజాత హైకోర్టు దాకా తీసుకెళ్లింది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం మెదడు చనిపోయాకే అవయవాలు తీసుకోవాలి, కాబట్టి కుదరదని కోర్టు కాదంది. అతను ఆ నెలలోనే చనిపోయాడు. పత్రికలు దాన్ని కారుణ్య మరణం కేసుగానే రాశాయి. చావు కోరిన కొడుకు, ఒప్పుకున్న తల్లి అని జనం ముక్కున వేలేసుకున్నారు. ఆ కొడుకు అడిగిన దాంట్లో ఇవ్వటం అనే మాట ఉందన్న సంగతి ఆ గోలలో వెనక్కి పోయింది. ఆ తల్లి చేసింది ఏమిటి? కొడుకు ఏం కోరుతున్నాడో విన్నది. వినటమే ఒక నేరంలా ఆమె లోకానికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

అరుణా షాన్‌బాగ్ కేసు అందరికీ తెలిసిందే. ముంబై కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ 1973లో అత్యాచారానికి గురై, 2015లో చనిపోయేదాకా అదే ఆసుపత్రి మంచం మీద ఉంది. 2011లో సుప్రీంకోర్టు తీర్పులో నన్ను ఆపిన భాగం ఒకటుంది. ఆమె తరఫున మాట్లాడే హక్కు ఎవరికుంది అన్నప్పుడు కోర్టు పిటిషన్ వేసిన రచయిత్రి పింకీ విరానీని కాదని, దశాబ్దాలుగా ఆమెకు అన్నం తినిపించి, ఒళ్లు తుడిచిన ఆసుపత్రి నర్సులూ సిబ్బందినే దగ్గరివాళ్లుగా గుర్తించింది. తీర్పుతో ఎవరికి ఎన్ని విభేదాలున్నా, సేవచేసిన చేతులకు మాట్లాడే హక్కుంటుందన్న ఆలోచన మన న్యాయచరిత్రలో అరుదైనది. మా ఇంట్లో ఆ లెక్కన మాట్లాడాల్సింది మా మరదలు. ఆమెను ఏ డాక్టరూ, మేమూ, ఏదీ అడగలేదు.

2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు లివింగ్ విల్‌ను గుర్తించింది. కోలుకునే ఆశ లేని స్థితిలో, మాట్లాడలేని నాడు, తనకు ఏ చికిత్స వద్దో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చు. మొదట్లో దానిమీద మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. 2023 జనవరిలో నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలని సడలించారు. ఇద్దరు సాక్షులుండాలి. తన తరఫున మాట్లాడే మనుషుల పేర్లు రాయొచ్చు. ఆ పేర్లలో కొడుకే ఉండాలని లేదు. కూతురు, కోడలు, స్నేహితురాలు ఎవరి పేరైనా రాసుకోవచ్చు. ఈ చిన్న వెసులుబాటు ఆడవాళ్లకు ఎంత పెద్దదో ఇంకా మనం సరిగ్గా చెప్పుకోలేదు.

అయినా ఆ కాగితం చెప్పేది వెంటిలేటరు గురించి, గొట్టాల గురించి. చిన్నమ్మకు వెంటిలేటరు ప్రసక్తే రాలేదు. ఆమె ప్రశ్నలు వేరు.

*

అవి మాకు ఎప్పుడు తెలిశాయంటే, 2011 జనవరిలో, ఇంటికొచ్చి చూసే ఒక బృందంలోని నర్సమ్మ రేకుల గదిలో చాప మీద కూర్చుని, మమ్మల్ని కాసేపు బయట ఉండమని, చిన్నమ్మను అడిగినప్పుడు. పలచటి రేకు తలుపు. అన్నీ వినపడ్డాయి.

ముందు, జబ్బు సంగతి ఎంత తెలుసుకోవాలనుందో, ఎవరికి చెప్పమంటారో అడిగింది. “నాకు తెలుసు బిడ్డా. నాకు తెలుసని మావోళ్లకు తెల్వదు. తెలిస్తే ఏడుస్తరు” అంది చిన్నమ్మ. ఎనిమిది నెలలు మేం ఆమెనుంచి దాచాం, ఆమె మానుంచి దాచింది. ఒకే గదిలో.

తర్వాత, “మీకు అన్నిటికంటే ఎక్కువ దిగులు దేనిగురించమ్మా?” అని అడిగింది.

నేను కొడుకు గురించి అంటుందనుకున్నాను. ఆమె మొదట చెప్పింది వాసన గురించి. జబ్బువల్ల అయ్యే స్రావం వాసనకు మనవడు దగ్గరికి రావటం లేదు. తోటి పనివాళ్లు వచ్చినా గుమ్మంలోనే నిలబడి పోతున్నారు. తనకే తన మీద రోత పుడుతోంది. ఇది కొడుకుతో ఎట్లా చెప్పాలి? డాక్టరు మగమనిషి. నర్సమ్మ వెంటనే ఒక మందు చెప్పింది. మెట్రోనిడజోల్. విరేచనాలకు ఎవరైనా వాడే మామూలు మాత్ర. అదే ఇలాంటి పుండ్ల వాసనను తగ్గిస్తుంది. చిన్నమ్మ నాచారం కంపెనీలో అట్టపెట్టెల్లో సర్దిన మందుల్లో అదీ ఉందట. వారం తిరక్కముందే వాసన చాలా తగ్గింది. మనవడు వచ్చి పక్కలో పడుకున్నాడు. ఎనిమిది నెలలు మేం కుంగిపోతుందేమోనని దాస్తూ వచ్చిన మనిషి, ఎవరూ అడగనందుకు కుంగిపోయింది.

రెండోది చీటీ. ఎత్తుకున్న చీటీకి ఇంకా ఏడు వాయిదాలున్నాయి. జామీను ఉన్నవాళ్లు కంపెనీ స్నేహితురాళ్లు. తాను పోతే వాళ్ల మీద పడుతుంది. మూడోది ఒళ్లు కడగటం. కొడుకు చేత చేయించుకోలేదు. కోడలు చేస్తోంది కానీ ఆ పిల్లకు నడుం పోతోంది, పని పోయింది, “దానికి నేను ఏమిచ్చి పోతున్న?” అంది. నాలుగోది చావు ఎక్కడన్నది. తనకు ఈ గదిలోనే పోవాలనుంది. ఊళ్లో తెలిసినవాళ్లు మిగల్లేదు. ఇరవై రెండేళ్ల స్నేహితురాళ్లంతా ఈ గల్లీలోనే ఉన్నారు.

ఆ నాలుగోది మాత్రం ఎవరి చేతుల్లోనూ లేదు. హైదరాబాదులో అద్దెకున్నవాళ్లందరికీ తెలుసు. అద్దె ఇంట్లో చావు జరగనివ్వరు, బయట పోయినవాళ్ల శవాన్ని గుమ్మంలోకి రానివ్వరు. మా ఓనరమ్మ చెడ్డది కాదు. చిన్నమ్మకు రోజూ గంజి పంపిన మనిషి. ఆమె కూడా విధవరాలే, మూడు పోర్షన్ల అద్దె మీద బతుకుతోంది. ధనిష్ఠా పంచకంలో చావు జరిగితే ఇల్లు నెలలకొద్దీ మూసెయ్యాలని పంతులు చెప్తే, ఆమె ఏం తినాలి? “నన్ను తప్పు పట్టకు బిడ్డా, జర ముందుగాలనే ఊరికి తోల్కపోండ్రి” అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఒక నిరుపేద స్త్రీ చివరి కోరికకు ఇంకో పేద స్త్రీ భయం అడ్డం. రోగికి ఇష్టమైన చోట మరణించే హక్కు గురించి ఇంగ్లీషు పుస్తకాల్లో చదివినప్పుడల్లా నాకు ఆ చేతులే గుర్తొస్తాయి. సొంత ఇల్లున్నవాళ్లకే ఆ హక్కు అని ఎవరూ రాయరు.

మార్చి మొదటివారంలో ఆటోలో ఉప్పల్ దాకా, అక్కడినుంచి మాట్లాడుకున్న వ్యానులో ఆలేరు వైపు తీసుకెళ్లాం. నాలుగో రోజు పోయింది. నాచారం నుంచి నలుగురు స్నేహితురాళ్లు ఒకపూట కూలి పోగొట్టుకుని వచ్చారు. చీటీ వాయిదాలు వాళ్లే పంచుకుని కడతామని ముందే వచ్చి చెప్పారు కాబట్టి, ఆ ఒక్క దిగులూ లేకుండా పోయింది. నర్సమ్మ అడగకపోతే ఆ మాట కూడా బయటికొచ్చేది కాదు.

*

రోగికి అన్నీ చెప్పెయ్యాలి, నిర్ణయం ఒక్కరే తీసుకోవాలి అన్నది పడమటి దేశాల వ్యక్తివాదమని, మన కుటుంబాలు వేరని అనేవాళ్లున్నారు. అందులో కొంత నిజముంది. దాచటం ఎప్పుడూ అణచివేతే కాదు. మా తమ్ముడు దాచింది ప్రేమతోనే. తెలుసుకోవటం ఇష్టంలేని స్త్రీలూ ఉంటారు, ‘మా పెద్దోడికి చెప్పండి’ అనేవాళ్లూ ఉంటారు. అది వాళ్ల నిర్ణయం. కానీ అది వాళ్ల నిర్ణయమని తెలియాలన్నా ముందు వాళ్లనే అడగాలి కదా? నర్సమ్మ చేసిందదే. నిజాన్ని మొహం మీద గుమ్మరించలేదు. ఎంత కావాలో అడిగింది. కుటుంబం వద్దనలేదు. కుటుంబంలో ఎవరు కావాలో ఆమెనే చెప్పమంది. కుటుంబం అన్న మాట వెనక ఎవరు మాట్లాడతారు, ఎవరు చాకిరీ చేస్తారు అన్న ప్రశ్న మన స్త్రీవాదం ఎప్పటినుంచో అడుగుతున్నదే. ఆ ప్రశ్నను రోగి మంచం దగ్గరికి కూడా తీసుకెళ్లాలి.

తెలంగాణ వచ్చాక, 2017 తర్వాత చేవెళ్లతో మొదలుపెట్టి ప్రభుత్వం జిల్లా ఆసుపత్రుల్లో ఉపశమన వైద్య కేంద్రాలు, ఇళ్లకు వెళ్లే బృందాలు ఏర్పాటు చేస్తూ వచ్చింది. చేవెళ్ల ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే 2016 దాకా ఉప్పల్ కూడా ఉండేది. చిన్నమ్మ ఇంకో ఏడెనిమిదేళ్లకు జబ్బుపడి ఉంటే అని అనిపిస్తుంది. కానీ ఆ బృందాలలో వినే పని చేసేవాళ్లు చాలామంది నర్సులు, ఆశా కార్యకర్తలు. ఆశాలకు జీతం లేదు, గౌరవ పారితోషికమే. వినటాన్ని కూడా ఆడవాళ్ల సహజగుణమని లెక్కగట్టి, ఉచితంగా తీసుకుంటే అది మా మరదలి కథే మళ్లీ.

ఈమధ్య మా అమ్మను అడిగాను. ఎనభై దాటింది. చిన్నమ్మకు సొంత అక్క. నీకు బాగా జబ్బుచేస్తే ఏం కావాలి, ఏం వద్దు అని. “ఎందుకే, ఏమన్న రిపోర్టొచ్చిందా?” అంది మొదట. లేదన్నాక ఒకరోజంతా మాట్లాడలేదు. మర్నాడు కూర తరుగుతూ, “ఐ.సి.యు.ల ఎయ్యకుండ్రి” అంది. ఆ సాయంత్రం, “నైటీ తొడగొద్దు, చీరె కట్టాలె” అంది. మూడోరోజు బంగారం ఎవరికో చెప్పింది, మళ్లీ మార్చింది. ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఇంకా అవ్వలేదు.

నిన్న రాత్రి పడుకోబోతూ అడిగింది.

“మా చెల్లెను ఎవరన్న ఇట్ల అడిగిన్రా?”

“ఒకామె అడిగిందమ్మా. చివర్ల.”

“మనమే అడిగేది ఉండె” అంది అమ్మ, అటు తిరిగి పడుకుంటూ.